ఎడమ చెయ్యి

కావలిలో రైలుకట్ట పక్కన థియేటర్.
పేరెందుకులే, ఇప్పుడది సగం గోడౌను,
బాల్కనీ నిండా ఎరువుల బస్తాలు.
రోజుకు నాలుగు ఆటలు, పదకొండు రోజులు
ఆ బొమ్మ వేసింది నేనే.

రీళ్లు పోయినాయి, కార్బన్ కడ్డీలు పోయినాయి.
మా మేస్త్రి మస్తానయ్య వేళ్ల మీది కాలిన మచ్చలు
ఆయనతోనే పోయినాయి.
ఇప్పుడొక మీట నొక్కితే చాలు.
నొక్కి, గాజుకంతలోంచి చూస్తా కూర్చోవడమే ఉద్యోగం.

మొదటి రోజు మార్నింగ్ షోకి పద్నాలుగు మంది.
ఇంటర్వెల్ తర్వాత ఐదుగురు.
"దెయ్యం బొమ్మ అంటిరే, దెయ్యం యాడబ్బా?"
క్యాంటీన్ కాడ ఒకాయన టికెట్ డబ్బులకి పంచాయితీ పెట్టినాడు.

దెయ్యం లేదు.
ఒక వంటిల్లు, బల్ల, నాలుగు కుర్చీలు.
తినేవాళ్లు ముగ్గురు.
నాలుగో కుర్చీ ముందు కూడా ఆమె కంచం పెడుతుంది,
ఎవరూ ఎందుకని అడగరు.
"అన్నం పెట్టనా?" అంటుంది.

పందొమ్మిది సార్లు అంటుంది, లెక్కపెట్టినాను.
మొదటిసారి అది అన్నమే.
ఏడోసారికి, చెయ్యని తప్పుకి క్షమాపణ.
మధ్యలో ఎక్కడో
బయటినుంచి గడియ పడిన చప్పుడు వినిపిస్తుంది అదే మాటలో.
పందొమ్మిదోసారి పెదాలే కదుల్తాయి,
కుక్కర్ కూత వేస్తుంది.
ఆ మాట ఏమైందో
నలభై నాలుగు ఆటలు చూసినా నాకు తెలీలేదు.

ఏడవదు. ఒక్క చోట కూడా ఏడవదు.
ఏడిస్తే బాగుణ్ణు, మనమూ ముక్కు చీదుకుని ఇంటికి పోదుము.

మూడో రోజు ఫస్ట్ షోలో కనబడింది నాకు:
మొగుడి స్నేహితుడికి నవ్వుతా పప్పు వడ్డిస్తుంటే
తెర అంచు తెగేచోట
ఆమె ఎడమ చెయ్యి
చీర అంచులోంచి ఒక్కొక్క పోగే లాగుతా ఉంది.
ముఖానికి ఆ సంగతి తెలీదు.
డైరెక్టర్ చెప్పినాడో,
ఆయన కళ్లుగప్పి ఆమే దాచుకునిందో.

ఆ రోజునుంచి నాకు జబ్బు పట్టింది.
బిట్రగుంట నుంచి పాలు తెచ్చే వెంగయ్య
లోకాభిరామాయణం చెబుతా గిన్నెలో పోస్తాడా,
ఎడమ చెయ్యి సైకిల్ బెల్లుని
మోగకుండా, మోగకుండా నిమురుతుంటుంది.
ట్రంకురోడ్డు మీద మందుల షాపాయన,
గేటు కాడ టికెట్లు చించే మా సుబ్బరాయుడు.
మనుషులు కుడిచేత్తో బతుకుతున్నారు.

ఐదో రోజు నుంచి మ్యాట్నీకి ఒకామె వచ్చేది.
జువ్వలదిన్నె వైపు రొయ్యల షెడ్డులో పనంట.
ఐసుకి పాలిపోయిన వేళ్లు,
కవర్లో మడిచిన రబ్బరు తొడుగులు.
నేల టికెట్టు, స్తంభం పక్కన.
హాలంతా ఊపిరి బిగబట్టే ఆ భోజనాల సీనులో
ఆమె ఒక్కతే నవ్వేది.
గట్టిగా కాదు.
పోగొట్టుకున్న చెప్పులు
ఇంకొకరి వాకిట్లో కనబడితే నవ్వుతామే, అట్లా.

ఆఖరి రోజు మెట్ల కాడ ఆపి అడిగింది.
"ఆ పిల్ల యాడ మనిషయ్యా?"
"హైదరాబాదో, మద్రాసో."
"కాదులే," అనింది, "ఆ చెయ్యి మా వైపుది."
సీజన్ అయిపోయిందేమో, మళ్లీ కనబడలేదు.

శుక్రవారం కొత్త బొమ్మ, ఈలలు, కాగితాలు.
ఆ బొమ్మ తాళం గడువు రాత్రి పన్నెండుకే తీరిపోయింది.
ఇక నేను నొక్కినా తెరుచుకోదు.

సెకండ్ షో వదిలి ముసునూరు చేరేసరికి రెండు.
గూడ్సు బండి పోతా ఉంది,
కిటికీ రెక్కలు సన్నగా వణుకుతున్నాయి.
మాలకొండమ్మ తలుపు సగం తీసి, నిద్రకళ్లతో,
"అన్నం పెట్టనా?" అనింది.

ఇరవై రెండేళ్లుగా పెట్టు అంటానే ఉన్నాను.
ఎన్నోసారి ఇది? లెక్క లేదు నా దగ్గర.
గొంతు మామూలుగానే ఉంది, ముఖమూ మామూలుగానే.
ఎడమ చెయ్యి కోసం చూసినాను.

తలుపు వెనకాల ఉంది.

"నేను పెట్టుకుంటాలే, పడుకో" అన్నాను.
ఆమె కదల్లేదు.
గూడ్సు బండి ఇంకా పోతానే ఉంది.